బొమ్మరింటి సామాన్లకు కిటికీ వెలుగే స్టూడియో

అరచేతిలో ఇమిడే లక్కపిడతను కొనదలచినవారు ఒకప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మూత పెట్టి తీసి మరీ బేరమాడేవారు. ఇప్పుడు దూరప్రాంతపు కొనుగోలుదారుకు కనిపించేది ఫోన్ తెరపై ఛాయాచిత్రం మాత్రమే. కరోనా కారణంగా 2021 ఫిబ్రవరి 27న ఆన్‌లైన్‌లో ప్రారంభమైన జాతీయ బొమ్మల ప్రదర్శనలో సైతం సందర్శకులు చూడగలిగింది చిత్రాలనే. విదేశీ బొమ్మలపై దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. సుంకం పోటీని కొంత తగ్గించగలదేమో గాని, మసకబారిన ఫొటోను చూసి ముందుకు సాగిపోయే కొనుగోలుదారును ఆపలేదు.

బెంగళూరుకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని చన్నపట్న, అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక లక్క బొమ్మలకు పేరుపొందిన ఊళ్లు. తిరిగే కొయ్యకు రంగు లక్కను ఒత్తిపట్టగా, రాపిడి వేడికి అది కరిగి పరచుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. బొమ్మకు అందం తెచ్చే ఈ మెరుపే ఛాయాగ్రహణంలో తలనొప్పి తెచ్చిపెడుతుంది. గుండ్రని నునుపైన బిందె చిన్న అద్దం వంటిది. ఎదుట వెలిగే బల్బు దానిపై తెల్లని చుక్కగా పడుతుంది. ఫొటో తీసేవారి చొక్కా రంగు కూడా కనిపిస్తుంది. ఫోన్‌లోని ఫ్లాష్‌ను ఈ పనికి వాడనే కూడదు.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన బల్ల వేసి, కిటికీకి పలుచని తెల్ల పంచెగాని ట్రేసింగ్ కాగితంగాని కట్టాలి. తెల్ల చార్టు కాగితాన్ని గోడ మీది నుంచి బల్ల మీదికి మడత పడకుండా వంపుగా జారవిడిస్తే నేలకు, గోడకు నడుమ గీత కనిపించదు. కిటికీకి ఎదురువైపు థర్మోకోల్ పలకను నిలబెడితే వెలుగు తిరిగివచ్చి నీడను పలుచన చేస్తుంది. గదిలోని ట్యూబులైటు ఆర్పివేయడం అవసరం. రెండు రకాల వెలుగులు కలిస్తే తెలుపు ఒకవైపు నీలంగా, మరోవైపు పసుపుగా మారుతుంది. తెల్లని నేపథ్యాన్ని చూసి కెమెరా వెలుగు ఎక్కువైందని పొరబడి చిత్రాన్ని బూడిదరంగులోకి దించుతుంది గనుక, ఎక్స్‌పోజర్‌ను కాస్త పెంచుకోవాలి. ఫోన్ చేతిలో ఉన్నదనుకుంటే, చిన్న స్టాండుతో సహా మిగతా సరంజామా కొన్ని వందల రూపాయలలో సమకూరుతుంది.

అసలు చిక్కు దగ్గరితనంలో ఉంది. కెమెరా వస్తువుకు చేరువయ్యేకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోయి, కొన్ని మిల్లీమీటర్లకు పరిమితమవుతుంది. ముందున్న గిన్నె అంచు స్పష్టంగా ఉంటే వెనుకనున్న పొయ్యి మసకబారుతుంది. పెద్ద కెమెరా గలవారు లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 11 వరకు కుదించి, స్టాండుపై నిలిపి, ఒక సెకను పాటైనా వెలుగును లోనికి రానిస్తారు. మరీ కుదించినా చిత్రం మొత్తం మెత్తబడుతుంది. విచిత్రమేమంటే, ఇక్కడ చౌక ఫోనుకే ఒక అనుకూలత ఉన్నది. దాని సెన్సర్ చాలా చిన్నది గనుక స్పష్టత లోతు సహజంగానే ఎక్కువ. వస్తువుకు ఆనించినట్లు ఫోన్ పెట్టకుండా, ఒక అడుగు దూరం నుంచి తీసి అనవసరమైన అంచులను కత్తిరించుకోవడం మేలు; దగ్గరగా పెడితే ముందరి బిందె పెద్దదై, వెనుకవి కుంచించుకుపోయినట్లు కనిపిస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్ జోలికి పోకపోవడం ఉత్తమం. కృత్రిమంగా వెనుక భాగాన్ని మసకబరిచే ఆ పద్ధతిలో సన్నని పిడులు కూడా చెరిగిపోతుంటాయి.

బొమ్మరిల్లు మొత్తాన్ని తీయాలంటే లెక్క వేరు. అంతర్జాతీయంగా బొమ్మరింటి సామాన్ల తయారీలో ఎక్కువగా పాటించే కొలత పన్నెండో వంతు. అసలు వస్తువులో అడుగు, నమూనాలో అంగుళం. నిలబడిన మనిషి కంటిచూపు నేల నుంచి అయిదడుగుల ఎత్తున ఉంటుందనుకుంటే, కెమెరాను బొమ్మరింటి నేలకు అయిదంగుళాల ఎత్తున ఉంచాలి. పైనుంచి వంగి తీసిన చిత్రంలో అది బొమ్మగానే మిగులుతుంది. ఆ ఎత్తు నుంచి తీస్తే నిజమైన గదిలోకి అడుగుపెట్టినట్లుంటుంది. బొమ్మరింటి కిటికీ బయట చిన్న టార్చిలైటు పెడితే లోపల ఉదయపు ఎండ పడుతుంది. ఇక దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. కంటికి ఆనని నలుసు ఈ కొలతలో గులకరాయంత కనిపిస్తుంది గనుక, మెత్తని రంగుల కుంచెతో ముందుగానే తుడవాలి.

మన లక్కపిడతలు సాధారణంగా ఇంత కచ్చితమైన కొలతకు లోబడినవి కావు. అందువల్ల తెల్ల నేపథ్యంలో తీసిన బిందె ఒక అంగుళమో, ఒక అడుగో చూసేవారికి తెలియదు. పెద్దదనుకుని తెప్పించుకున్నవారు తిప్పి పంపితే, రానుపోను రవాణా ఖర్చుకు తోడు విరిగిన పిడి నష్టమూ చిన్న తయారీదారు నెత్తిన పడవచ్చు. 27 మిల్లీమీటర్ల వ్యాసం గల పది రూపాయల నాణేన్ని పక్కన పెట్టి తీసిన ఒక్క అదనపు చిత్రం ఈ అపోహను తొలగిస్తుంది. వ్యాపార సంస్థలు మొదటి చిత్రంలో ఇతర వస్తువులను అనుమతించకపోయినా, దీన్ని రెండవ చిత్రంగా చేర్చవచ్చు.

రంగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఏటికొప్పాకలో వాడే సహజ రంగులు కొంత అణకువగా ఉంటాయి. ఫోన్ తనంతట తాను వాటికి మెరుగులు దిద్ది పసుపును నారింజగా చూపితే, పెట్టె విప్పినవారికి బొమ్మ వెలిసిపోయినట్లు తోస్తుంది. చిత్రాన్ని పంపే ముందు బొమ్మను, తెరను అదే కిటికీ వద్ద పక్కపక్కన ఉంచి పోల్చి, తేడా ఉంటే తెరపైని రంగునే తగ్గించాలి.