చెరకు చేలల్లో... గోల్ఫ్ ఆట!

పరకాలలో పిల్లలు క్రికెట్ ఆడాలంటే పెద్ద ఖర్చేం ఉండదు. ఒక బ్యాటు, ఒక రబ్బరు బంతి, పత్తి కట్టె పీకేశాక ఖాళీగా పడున్న ఓ చెలక... అంతే! బంతి పోతే తలా పది రూపాయలు వేసుకుంటారు. అదే గోల్ఫ్ అయితే? హిందూ మహాసముద్రం మధ్యనున్న మారిషస్ దీవిలో ఒక్క పూట ఆడి రావాలంటే రెండు క్వింటాళ్ల పత్తి అమ్మినంత సొమ్ము కావాలి. విచిత్రం ఏమిటంటే, ఆ పచ్చటి మైదానాల్లో కొన్ని ఒకప్పుడు చక్కెర కంపెనీల భూములు. ఆ దీవిలో చెరకు నరికిన చేతుల్లో మన తెలుగువాళ్ల చేతులూ ఉన్నాయి!

మారిషస్ ఇప్పుడు మనవాళ్లకు అందని దేశమేం కాదు. ముందుగా వీసా తీసుకోవాల్సిన పని లేదు. ముంబయిలో విమానమెక్కితే ఆరేడు గంటల్లో దిగొచ్చు. కొత్త జంటల ప్యాకేజీల్లో ఊటీ, గోవాల సరసన ఆ దీవి పేరు చేరి చాలాకాలమైంది. ప్యాకేజీ కాగితం మీద నీలి సముద్రం, తెల్లటి ఇసుక, పక్కనే పచ్చటి గోల్ఫ్ కోర్సు. చూడగానే ‘ఒకసారి ఆడి చూస్తే పోలా’ అనిపిస్తుంది. అలా అనిపించినవాళ్లు తెలుసుకోవాల్సిన లెక్కలు రెండున్నాయి. ఒకటి బిల్లు మీద కనిపించేది. రెండోది ఏ బిల్లులోనూ కనిపించనిది.

అడుగు పెట్టడానికే పది వేలు

గోల్ఫ్‌లో మొదటి ఖర్చు గ్రీన్ ఫీజు. సినిమా టికెట్టు లాంటిదే, మైదానంలోకి వెళ్లడానికి కట్టేది. కోర్సులోని 18 గుంటల్లోనూ బంతిని వేసి వస్తే ఒక రౌండు పూర్తయినట్టు. నాలుగైదు గంటల పని. మారిషస్‌లో పేరున్న రిసార్టు కోర్సుల్లో, ఆ హోటల్లో బస చేయకుండా బయటి నుంచి వచ్చి ఆడేవారికి ఈ ఫీజు మన లెక్కలో పది వేల రూపాయలు దాటడం మామూలే. యూరప్ వాళ్లు అక్కడి చలి తప్పించుకోవడానికి దీవికి వచ్చే నెలల్లో ఇంకా పెరుగుతుంది.

తర్వాత బగ్గీ. బ్యాటరీతో నడిచే చిన్న బండి ఇది. చాలా రిసార్టుల్లో ‘నడిచి ఆడతా’నంటే కుదరదు, బండి తీసుకోవాల్సిందే. కొన్నిచోట్ల దాని అద్దె గ్రీన్ ఫీజులోనే కలిపేస్తారు, కొన్నిచోట్ల విడిగా వసూలు చేస్తారు. ఆపైన క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కర్రలు. ఆట నిబంధనల ప్రకారం ఒకరు 14 దాకా వెంట తీసుకెళ్లొచ్చు. విమానంలో మోసుకెళ్లలేనివారు అక్కడే అద్దెకు తీసుకోవాలి. కాలరున్న చొక్కా, తగిన బూట్లు తప్పనిసరి. జీన్సు, టీషర్టుతో వెళితే గేటు దగ్గరే ఆపేస్తారు.

ఇక బంతులు. తూర్పు తీరాన ఇల్ ఓ సెర్ అనే బుల్లి దీవి ఉంది. జింకల దీవి అని అర్థం. జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ రూపొందించిన కోర్సు అక్కడ 2003లో మొదలైంది. పడవెక్కి వెళ్లి ఆడాలి. చుట్టూ సముద్రం, మధ్యమధ్యలో నీటిగుంటలు. కొత్తవారి చేతిలో డజను బంతులు ఎంతసేపు నిలుస్తాయో చెప్పలేం!

అన్నీ కలిపి తక్కువలో తక్కువ 15 వేలు అనుకుందాం. 2024-25 సీజనులో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. అంటే ఒక్క రౌండు గోల్ఫ్ రెండు క్వింటాళ్ల పత్తితో సమానం. ఎకరానికి ఎనిమిది క్వింటాళ్లు పండే చేనైతే పావు ఎకరం పంట. అదీ విత్తనాలు, పురుగుమందులు, పత్తి ఏరిన కూలి తీసేయకముందు!

ఖర్చు తగ్గించుకునే దారులూ లేకపోలేదు. కొన్ని పెద్ద హోటళ్లలో బస చేసినవారికి గ్రీన్ ఫీజు ఉండదు, బగ్గీ అద్దె కడితే చాలు. అయితే గది అద్దెలో ఆ సొమ్ము ఎంతో కొంత చేరే ఉంటుంది. మొత్తం 18 కాకుండా 9 గుంటలే ఆడితే ఫీజు తగ్గుతుంది. సాయంత్రం పూట తక్కువ ధర పెట్టే కోర్సులూ ఉంటాయి. అసలు కర్ర పట్టుకోవడమే రానివారు కోర్సులోకి వెళ్లకుండా, ప్రాక్టీసు మైదానంలో ఒక బుట్టెడు బంతులు కొని కొట్టి చూస్తే సరదా తీరుతుంది. జేబూ చిల్లుపడదు.

ఆ పచ్చదనం ఊరికే రాదు

ఇంతకీ అంత ఫీజు ఎందుకు? క్రికెట్ మైదానం నాలుగైదు ఎకరాల్లో సరిపోతుంది. 18 గుంటల గోల్ఫ్ కోర్సుకు ఇంచుమించు 150 ఎకరాలు కావాలి. తెలంగాణలో ఒక్కో రైతు కమతం సగటున రెండున్నర ఎకరాలని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. ఆ లెక్కన ఒక కోర్సు అరవై మంది రైతుల భూమి అన్నమాట.

అందులో సగం నేలకు, అంటే 75 ఎకరాలకు నీళ్లు పెట్టాలనుకుందాం. ఎండాకాలంలో గడ్డికి రోజుకు 4 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలన్నా దాదాపు 12 లక్షల లీటర్లు కావాలి. మిషన్ భగీరథలో పరకాల లాంటి మున్సిపాలిటీలకు మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్కగట్టారు. ఆ కొలతతో చూస్తే ఆ నీళ్లు దాదాపు తొమ్మిది వేల మందికి సరిపోతాయి! అందుకే చాలా కోర్సులు మంచినీళ్లు వాడకుండా శుద్ధిచేసిన మురుగునీటిని వాడుకుంటున్నాయి. సముద్ర తీరాల్లో కాస్త ఉప్పునీటిని తట్టుకునే పాస్పలం రకం గడ్డి పెంచుతున్నారు. గుంట చుట్టూ ఉండే ‘గ్రీన్’ మీద గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించకుండా రోజూ కత్తిరించాలి. ఎరువులు, మందులు, యంత్రాలు, పదుల సంఖ్యలో పనివాళ్లు... గ్రీన్ ఫీజులో వీటన్నిటి వాటా ఉంటుంది.

కోరంగి రేవు దాటి...

ఇక బిల్లులో కనిపించని లెక్క. అది తెలియాలంటే దాదాపు రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దవుతున్న రోజులవి. మారిషస్ తోటల యజమానులకు కూలీలు కావాల్సి వచ్చారు. 1834 నుంచి మన దేశంలోని మనుషులను ఒప్పందం మీద ఓడల్లో తరలించడం మొదలైంది. 1920ల దాకా అలా వెళ్లినవారు నాలుగున్నర లక్షల పైమాటే. అందులో గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువాళ్లున్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కినందుకు ఆ దీవిలో తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరు పడిపోయింది.

ఒప్పందం ఐదేళ్లు. మగ కూలీకి నెల జీతం ఐదు రూపాయలు, పైన తిండిగింజలు. ఐదేళ్లు ఒక్క రోజూ మానకుండా పనిచేస్తే చేతికొచ్చేది 300 రూపాయలు. కానీ జ్వరమొచ్చినా ఒక రోజు పని మానితే రెండు రోజుల జీతం కోసేవారు. ‘డబుల్ కట్’ అని దానికి పేరు. ఆ రోజుల రూపాయి విలువ వేరు, నిజమే. అయినా ఆ రెండు రోజుల కోతకు భయపడి జ్వరంతోనే కొడవలి పట్టినవాళ్లకు ఆ లెక్క చిన్నదేం కాదు.

వెళ్లినవాళ్లలో చాలామంది అక్కడే ఉండిపోయారు. సింహాద్రి అప్పన్న పూజను, రామ భజనలను వెంట తీసుకెళ్లారు. నేడు మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది కూడా ఆ దీవిలోనే.

చక్కెర చేదెక్కిన వేళ

చాలాకాలం మారిషస్ అంటే చక్కెర, చక్కెర అంటే మారిషస్. యూరప్ దేశాలు మంచి ధరకు కొనేవి. ఆ రోజులు పోయాయి. 2006 నుంచి యూరోపియన్ యూనియన్ దశలవారీగా చక్కెర ధరను 36 శాతం తగ్గించింది. 2009లో పాత ఒప్పందమే ముగిసింది. ఇది ముందే పసిగట్టిన చక్కెర పరిశ్రమ 2001లోనే స్వచ్ఛంద విరమణ పథకం తెచ్చింది. వేలమంది కార్మికులు కొంత నగదు, ఇంటిజాగా తీసుకుని తోటల పని వదిలేశారు. మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

మరి భూములు? వాటికి కొత్త దారి దొరికింది. 2002లో ప్రభుత్వం తెచ్చిన ఇంటిగ్రేటెడ్ రిసార్ట్ స్కీము ప్రకారం విదేశీయులు కనీసం 5 లక్షల డాలర్ల విల్లా కొంటే దీవిలో నివాస హక్కు దక్కేది. అంత పెట్టేవాళ్లకు కిటికీ తెరవగానే పచ్చిక కనిపించాలి కదా! దక్షిణాన బెల్ ఓంబ్ర్‌లో చక్కెర మిల్లు 1999లో మూతపడితే, ఆ ఎస్టేటులో 2004లో గోల్ఫ్ కోర్సు తెరుచుకుంది. తూర్పున బో షాన్ చక్కెర ఎస్టేటు భూమిలో దక్షిణాఫ్రికా ఆటగాడు ఎర్నీ ఎల్స్ రూపొందించిన అనాహిత కోర్సు 2008లో వచ్చింది. 2015 నుంచి దీవిలో అంతర్జాతీయ స్థాయి మారిషస్ ఓపెన్ మొదలైంది.

ఇందులో ఒకరే దొంగ, ఒకరే దొర అని తేల్చేయలేం. ఆ భూములు కూలీలవి ఎన్నడూ కావు, కంపెనీలవే. చక్కెరకు ధర పడిపోయినప్పుడు హోటళ్లు, కోర్సులు కొత్త పనులు చూపించాయి. కొడవలి పట్టిన కుటుంబాల పిల్లలు గడ్డి కోసే యంత్రం మీదో, హోటలు కౌంటరు వెనకో నాలుగు డబ్బులు సంపాదిస్తున్నారు. కానీ తినే తిండిలో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి తెచ్చుకునే దీవి అది. అలాంటి చోట మంచి నేల మీద ఏది పెరగాలన్నది చిన్న ప్రశ్న కాదు.

మన దగ్గరా అదే ప్రశ్న

గోల్ఫ్ మనకూ కొత్త కాదు. కూలీల ఓడలు తూర్పు తీరం దాటుతున్న కాలంలోనే, 1884లో, విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ మొదలైంది. హైదరాబాద్‌లో గోల్కొండ నయాఖిల్లా గోడల మధ్యే ఒక కోర్సుంది. గచ్చిబౌలి పక్కన మణికొండలో గోల్ఫ్ కోర్సు, విల్లాలు, సమావేశ మందిరం కోసం ఎమ్మార్ ప్రాజెక్టుకు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 535 ఎకరాలు కేటాయించింది. అందులో కోర్సుకే 235 ఎకరాలు. ఆ వ్యవహారం వివాదమై, హైకోర్టు ఆదేశంతో 2011లో సీబీఐ దర్యాప్తు దాకా వెళ్లింది.

పరకాల చుట్టుపక్కల గోల్ఫ్ కోర్సు లేదు. కానీ సాగుభూమి చేతులు మారడమంటే ఏమిటో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇదే నియోజకవర్గంలో గీసుగొండ, సంగెం మండలాల మధ్య వెయ్యి ఎకరాలకు పైగా సేకరించిన నేలలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అది బట్టల మిల్లుల కోసం, ఇది ఆట కోసం. రెండూ ఒకటి కావు. అయితే అడగాల్సిన ప్రశ్నలు మాత్రం అవే: భూమి ఇచ్చినవాడికి ఏం దక్కింది? నీళ్లెక్కడివి? పని ఎవరికి దొరికింది?

వెళ్లేవాళ్లకో మాట

మారిషస్ వెళ్లే జంటలు ఆడాలనుకుంటే ఆడి రావచ్చు, తప్పేం లేదు. బుక్ చేసుకునే ముందు బగ్గీ, క్లబ్బుల అద్దె ఫీజులో ఉన్నాయో లేవో అడగాలి. కొత్తవారిని ఆడనిస్తారో లేదో కూడా కనుక్కోవాలి. కొన్నిచోట్ల ఆట వచ్చినట్టు హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ చూపించమంటారు.

దాంతోపాటు ఒక పూట రాజధాని పోర్ట్ లూయీలోని అప్రవాసీ ఘాట్‌కూ కేటాయించాలి. ఓడ దిగిన కూలీలు మొదట అడుగుపెట్టిన రాతి మెట్లు అక్కడున్నాయి. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో నాటి వలస రిజిస్టర్లను భద్రపరిచారు. మనిషి పేరు, ఊరు, వయసు, ఎక్కిన ఓడ... అన్నీ అందులో రాసి ఉంటాయి. తాత ముత్తాతల ఊరు వెతుక్కుంటూ మారిషస్ తెలుగువాళ్లు ఇప్పటికీ ఆ పేజీలు తిరగేస్తుంటారు.