ఒక్కరికి చాలిన కిటికీ వెయ్యిమందికి చాలుతుందా?

వేసవి సెలవుల్లో మీరు అమ్మమ్మగారి ఊరు వెళ్ళాలి. రైల్లో తత్కాల్ బెర్తు కోసం నాన్నగారు ఫోను పట్టుకుని కూర్చున్నారనుకుందాం. స్లీపరు తరగతి తత్కాల్ టిక్కెట్లు ప్రయాణానికి ముందురోజు ఉదయం 11 గంటలకు ఇవ్వడం మొదలుపెడతారు. పదకొండుకు ఐదు నిమిషాల ముందు దాకా తెర మీద ప్రతి పేజీ చిటికెలో తెరుచుకుంది. సరిగ్గా 11 కాగానే చిన్న చక్రం ఒకటి ప్రత్యక్షమై గిరగిరా తిరగసాగింది. అది ఆగేసరికి బెర్తులు అయిపోయాయి!

ఐదు నిమిషాల క్రితం చురుగ్గా ఉన్న ప్రోగ్రాం ఇప్పుడెందుకు మొరాయించింది? దాన్ని రాసినవాళ్ళు ముందుగా పరీక్షించి చూడలేదా? చూసే ఉంటారు. అయితే పరీక్షల్లో రెండు రకాలున్నాయి. ఆ తేడా తెలిస్తే ఈ చక్రం రహస్యం కూడా తెలిసిపోతుంది.

సరిగ్గా చేస్తోందా? ఎంతమందికి చేస్తోంది?

నదిమీద కొత్తగా రైలు వంతెన కట్టారనుకోండి. ఒక మనిషి దానిమీద నడిచి అవతలి ఒడ్డుకు చేరాడు. అంతమాత్రాన రైళ్ళను వదులుతారా? వదలరు. బరువైన ఇంజన్లను దానిమీద నిలబెట్టి, వంతెన ఎంత వంగిందో కొలుస్తారు. ఆ తర్వాతే ప్రయాణికులను అనుమతిస్తారు.

సాఫ్ట్‌వేరు సంగతీ ఇంతే. ఛార్జీ లెక్క సరిగా కట్టిందా, టిక్కెట్టు మీద పేరు సరిగా వచ్చిందా అని చూడటం మొదటి పరీక్ష. దీనికి ఒక్క మనిషి చాలు. ఒకేసారి వేలమంది వచ్చిపడితే అదే పనిని అంతే వేగంగా చేయగలదా అని చూడటం రెండవ పరీక్ష. బ్యాంకులు, బీమా సంస్థలు, టిక్కెట్లు అమ్మే సంస్థలు వాడే ప్రోగ్రాములకు ఈ రెండవ పరీక్ష చాలా ముఖ్యం. మొదటి పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న ప్రోగ్రాం రెండవదానిలో చతికిలబడవచ్చు.

కిటికీ దగ్గర లెక్క

ఎందుకు చతికిలబడుతుందో తెలియాలంటే స్టేషనులో టిక్కెట్టు కిటికీ దగ్గరికి వెళ్దాం. లోపల ఒక గుమాస్తా ఉన్నాడు. సగటున నిమిషానికి ఒకరికి, అంటే గంటకు 60 మందికి, టిక్కెట్లు ఇవ్వగలడు. జనం ఒక పద్ధతిలో రారు. ఒకసారి ముగ్గురు కలిసి వస్తారు, మరోసారి చాలాసేపు ఎవరూ రారు. ఒకరి పని అర నిమిషంలో తెమిలితే, చిల్లర వెతుక్కునే పెద్దాయనకు మూడు నిమిషాలు పడుతుంది. ఇలాంటి కిటికీ దగ్గర ఒక మనిషికి వరుసలో నిలబడింది మొదలు టిక్కెట్టు చేతికందే దాకా సగటున ఎంతసేపు పడుతుందో చెప్పే సులువైన సూత్రం ఉంది. గంటకు వచ్చేవారి సంఖ్యను 60 నుంచి తీసివేయండి. వచ్చిన శేషంతో 60ని భాగించండి. అన్ని నిమిషాలు పడుతుందన్నమాట!

గంటకు 30 మంది వస్తే 2 నిమిషాలు.
48 మంది వస్తే 5 నిమిషాలు.
54 మంది వస్తే 10 నిమిషాలు.
57 మంది వస్తే 20 నిమిషాలు.
59 మంది వస్తే 60 నిమిషాలు!

విచిత్రం గమనించారా? 30 మంది 48 మంది అయినప్పుడు పెరిగింది 3 నిమిషాలే. 57 మంది 59 మంది అయినప్పుడు మాత్రం 40 నిమిషాలు పెరిగింది. వచ్చింది ఇద్దరే! గుమాస్తా బద్ధకించలేదు, అదే వేగంతో పనిచేస్తున్నాడు. అయినా వరుస చాంతాడంత అయింది. గంటకు 60 మందో అంతకు మించో వస్తూ ఉంటే, ఆ వరుస పెరుగుతూనే ఉంటుంది.

ఈ క్యూల శాస్త్రానికి పునాది వేసినవాడు ఏ.కె. ఎర్లాంగ్ అనే డెన్మార్కు గణిత శాస్త్రజ్ఞుడు. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, ఎన్ని ఫోను లైన్లుంటే జనానికి సరిపోతాయనే ప్రశ్నను లెక్కలతో ఛేదించాడు. ఆయన మొదటి వ్యాసం 1909లో వచ్చింది. అప్పటికి కంప్యూటర్లే లేవు! ఇవాళ కంప్యూటర్లకు అదే గణితం పనికివస్తోంది.

తెర వెనుక కిటికీలు

మీరు ఫోనులో ఒక మీట నొక్కితే ఆ కోరిక ఎన్నో కిటికీలు దాటాలి. ముందు ఫోను నెట్‌వర్కు, తర్వాత పేజీలను అందించే సర్వర్, తర్వాత ఛార్జీలు లెక్కకట్టే ప్రోగ్రాం, చివరికి ఏ బెర్తు ఎవరిదో రాసి ఉంచే డేటాబేస్. ఒక్కో చోట ఒక్కో వరుస. వీటిలో ఏ ఒక్కటి ఇరుకైనా మిగిలినవన్నీ దాని వెనుక ఆగవలసిందే. సీసా ఎంత పెద్దదైనా నీళ్ళు మూతి పట్టినంతే వస్తాయి కదా!

అయితే ప్రతి కిటికీనీ పదింతలు చేస్తే సరిపోదా? కొన్నిచోట్ల సరిపోతుంది. కానీ ఒకే బెర్తును ఇద్దరికి అమ్మకూడదు. అందుకని ఒకరి పని పూర్తయ్యేదాకా డేటాబేస్ ఆ బెర్తుకు తాళం వేసి రెండవవారిని ఆపుతుంది. ఒకే రైలు కోసం వేలమంది ఒకే క్షణంలో వస్తే ఆ తాళాల దగ్గరే తొక్కిసలాట!

బొమ్మ ప్రయాణికులు

మరి వేలమందితో పరీక్ష ఎలా? అంతమందిని పిలుచుకురానక్కరలేదు. మనుషుల్లా నటించే మరో ప్రోగ్రాం రాస్తారు. అది ఒకేసారి వెయ్యిమంది బొమ్మ ప్రయాణికులై లోపలికి వస్తుంది, రైలు వెతుకుతుంది, కాసేపు ఆలోచిస్తున్నట్టు ఆగుతుంది, టిక్కెట్టు అడుగుతుంది. వెయ్యి తట్టుకుంటే రెండువేలు, తర్వాత ఐదువేలు. ఎక్కడ వేగం తగ్గింది, ఎక్కడ విరిగింది అని రాసుకుంటారు.

బరువు పెంచకుండా రోజుల తరబడి నడిపించే పరీక్ష కూడా ఉంది. ఎందుకంటారా? మీ హాస్టలులో భోజనానికి వచ్చిన ప్రతివాడూ ఒక కంచం తీసుకుని తిరిగి ఇవ్వడం మరచిపోతే ఏమవుతుంది? మొదటిరోజు ఎవరికీ తెలియదు. మూడో రోజుకు కంచాలే ఉండవు. కొన్ని ప్రోగ్రాములు కంప్యూటర్ జ్ఞాపకశక్తిని అలాగే వాడుకుని తిరిగి ఇవ్వవు. ఈ లోపం గంటసేపు జరిపే పరీక్షకు దొరకదు.

సగటు చేసే మోసం

పరీక్ష ముగిసింది, ఫలితం వచ్చింది: "సగటున 5 సెకన్లలో జవాబు ఇచ్చింది." బాగుందే అనుకుంటాం. కాని లోపలికి తొంగిచూడండి. 20 మందిలో 18 మందికి ఒక్కొక్క సెకను, మిగిలిన ఇద్దరికి 41 సెకన్ల చొప్పున పట్టింది. మొత్తం 100 సెకన్లు; సగటు 5. నిజానికి 5 సెకన్లు పట్టినవారు ఒక్కరైనా లేరు! ఇద్దరు పడ్డ బాధను సగటు దాచేసింది.

అందుకే ఇంజనీర్లు అందరి కాలాలనూ తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చి, నూటికి 95వ స్థానంలో ఉన్నదాన్ని చూస్తారు. మన 20 మందిలో అది 19వ వారి కాలం, అంటే 41 సెకన్లు. ఇప్పుడు నిజం బయటపడింది కదా!

అమెరికాలో ఏం జరిగింది?

ఈ పరీక్షలను తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2013లో అమెరికా చూసింది. ఆ సంవత్సరం అక్టోబరు 1న, ఆరోగ్య బీమా లేనివారు పాలసీలు కొనుక్కోవడానికి హెల్త్‌కేర్.గవ్ అనే వెబ్‌సైటును అక్కడి ప్రభుత్వం ప్రారంభించింది. లక్షల మంది ఒక్కసారిగా వచ్చారు. తొలిరోజు చివరిదాకా వెళ్ళి బీమాలో చేరగలిగినవారు ఎంతమందో తెలుసా? ఆరుగురు!

పాలసీల ధరలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాలన్నారు. అంటే ఊరంతా ఒకే గుమ్మంలోంచి రావాలన్నమాట. ఆ గుమ్మమే ముందు ఇరుకైపోయింది. అన్ని భాగాలనూ కలిపి మొదటినుంచి చివరిదాకా పరీక్షించింది ప్రారంభానికి ముందు రెండు వారాల్లోనే అని దాన్ని తయారుచేసిన కంపెనీలు అమెరికా చట్టసభకు చెప్పాయి. జబ్బుతో ఉండి బీమా కోసం ఎదురుచూస్తున్నవారికి ఇది వట్టి చక్రం తిరగడం కాదు. మందులు, ఆసుపత్రి ఖర్చులు దానిమీద ఆధారపడి ఉన్నాయి.

దాన్ని బాగుచేయడానికి వచ్చిన ఇంజనీర్లు మొదట చేసిన పనుల్లో ఒకటి కొలతలన్నీ ఒకేచోట కనిపించే పలకను తయారుచేయడం! జ్వరం ఎంతో చూడకుండా వైద్యం చేయలేం కదా. ఎక్కడ ఆలస్యమవుతోందో కనిపించాక ఒక్కొక్క లోపాన్నీ సరిచేశారు. 8 సెకన్లు పట్టే జవాబు నవంబరు చివరికి ఒక సెకనులోపు రాసాగింది. నూటికి 6 దాకా ఉన్న తప్పులు 1కన్నా తగ్గాయి.

నాడి పట్టి చూస్తూ ఉండాలి

పరీక్ష ముగిసి ప్రోగ్రాం జనంలోకి వెళ్ళాక పని అయిపోయినట్టు కాదు. జనం పెరుగుతారు, పండుగలు వస్తాయి, ప్రోగ్రాంలో మార్పులు చేస్తారు. అందుకే నాలుగు కొలతలను రాత్రింబవళ్ళు కనిపెడుతూ ఉంటారు: జవాబుకు ఎంతసేపు పడుతోంది, నిమిషానికి ఎన్ని కోరికలు వస్తున్నాయి, ఎన్ని విఫలమవుతున్నాయి, యంత్రాలు ఎంత నిండి ఉన్నాయి. ఏదైనా గీత దాటితే ఇంజనీరు ఫోను మోగుతుంది, అర్ధరాత్రి అయినా సరే! మన కిటికీ లెక్క గుర్తుందా? 59వ మనిషి వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. 48 దగ్గరే మేలుకోవాలి.

మీరే చేసి చూడండి

రేపు బడిలో మంచినీళ్ళ కుళాయి దగ్గర గడియారం పట్టుకుని నిలబడండి. 20 మంది వరుసలో చేరిన సమయం, నీళ్ళు తాగి వెళ్ళిన సమయం రాసుకోండి. సగటు కట్టండి. తర్వాత వాటిని వరుసగా పేర్చి 19వ అంకె చూడండి. తరగతులు జరుగుతున్నప్పుడు ఒకసారి, విరామం గంట కొట్టగానే మరొకసారి ఈ ప్రయోగం చేయండి. కుళాయి అదే, నీళ్ళధార అదే. మీ రెండు పట్టికలు మాత్రం ఒకేలా ఉండవు. ఎందుకో మీ స్నేహితులకు ఇప్పుడు మీరే చెప్పగలరు!