బొడ్డు కోశాక మూతపడాల్సిన దారి

మా ఆడపడుచు కూతురు రాజమండ్రిలో ప్రసవించింది. నెలలు నిండకుండానే పుట్టిన ఆడపిల్ల. పిల్లల డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి, "శబ్దం వినబడుతోంది, ఎకో తీయిద్దాం" అన్నారు. రిపోర్టులో పీడీఏ అని వచ్చింది. ఆ మాట వార్డు గుమ్మం దాటేసరికి 'గుండెకి చిల్లు' అయి కూచుంది. పిల్ల నాయనమ్మగారైతే, "గ్రహణం నాడు బయటికొచ్చి ఏమైనా కోశావా అమ్మాయ్?" అని బాలింతని నిలదీశారు. ఆ పిల్ల ఏడుపు చూడలేక, డాక్టరుగారిని అడిగి తెలుసుకున్న సంగతులే ఇవి.

అది చిల్లు కాదు, దారి. కడుపులో బిడ్డకి ఊపిరితిత్తులతో పనిలేదు, వాటి నిండా నీరే. ప్రాణవాయువు మాయ నుంచి బొడ్డుతాడు గుండా వస్తుంది. ఆ తాడులో ఒక సిర, రెండు ధమనులు. మనం బళ్ళో చదివినదానికి ఇక్కడంతా తలకిందులు. మంచి రక్తం తెచ్చేది సిరే! పనిలేని ఊపిరితిత్తులకి అంత రక్తం ఎందుకని, వాటికి వెళ్ళే ధమని నుంచి బృహద్ధమనిలోకి ఓ అడ్డదారి ఉంటుంది. దాని పేరు డక్టస్ ఆర్టీరియోసస్. కాలేయాన్ని తప్పించుకుపోయే దారి ఇంకోటి, గుండె పై గదుల మధ్య కిటికీలాంటిది మరోటి.

బిడ్డ కేర్‌మనగానే లెక్క మారిపోతుంది. ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి, రక్తంలో ప్రాణవాయువు పెరుగుతుంది, ఆ అడ్డదారి బిగుసుకుంటుంది. నెలలు నిండిన బిడ్డకి మామూలుగా రెండు మూడు రోజుల్లో మూసుకుపోతుంది. తరవాత మిగిలేది ఉత్తి నారపోగు. మూసుకోకపోతే, పోటు సమయంలో ఉప్పుటేరు వెనక్కి తన్నినట్టు, బృహద్ధమనిలోని రక్తం ఊపిరితిత్తుల్లోకి ఎదురెక్కుతుంది. అప్పుడు బిడ్డ పాలు తాగుతూ ఆయాసపడుతుంది, చెమటలు పడతాయి, ఒళ్ళు చేయదు, మాటిమాటికీ నిమ్ము చేస్తుంది.

అన్నట్టు, బొడ్డు నుంచి కాలేయానికి వెళ్ళే సిర కూడా తాడులా మారి మనందరి కడుపులోనూ ఉంటుందిట. అమ్మతో ఉన్న తాడు తెగిపోయిందనుకుంటాం గానీ, ఓ కొస లోపలే ఉందన్నమాట!

నెలలు నిండకపోవడం, తల్లికి మొదటి నెలల్లో రుబెల్లా సోకడం దీనికి కొన్ని కారణాలు. చాలాసార్లు కారణమే తెలియదు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. రుబెల్లాకి టీకా ఉంది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో పిల్లలకి పెద్ద ఎత్తున వేశారు. ఇంకో మాట. నిండు నెలల్లో నడుం నొప్పికని మందుల షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అడిగి కొనుక్కోకండి. ఆ దారి కడుపులోనే ముందుగా మూసుకుపోవచ్చు, బిడ్డకి ప్రమాదం. చిత్రం చూడండి, నెలలు నిండని పిల్లల్లో ఆ దారి మూయడానికి డాక్టర్లు వాడే మందుల్లో ఐబుప్రోఫెన్ కూడా ఒకటి!

మందుకి లొంగకపోతే తొడలోని రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి మూస్తారు, లేదా ఆపరేషన్. 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే డాక్టరు ఏడేళ్ళ పాపకి ఈ నాళాన్ని కట్టేశారు. మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదింటి పిల్లలకీ గుండె ఆపరేషన్లు అందాయి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ.

మా పాపకి మందుతోనే సరిపోయింది. రెండోసారి ఎకోలో దారి మూసుకుందని చెప్పగానే నాయనమ్మగారు, "అయితే గ్రహణం విడిచిందన్నమాట" అన్నారు. ఈసారి బాలింత కూడా నవ్వేసింది.