మన సముద్రం శామీర్‌పేట చెరువే!

"అమ్మా, సముద్రం ఎప్పుడు చూపిస్తావ్?" సెలవులొస్తే చాలు, పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే కదూ! హైదరాబాదు నుంచి బాపట్ల సూర్యలంకకు వెళ్లాలన్నా, విశాఖకు వెళ్లాలన్నా ప్రయాణం, రూము, భోజనాలు... లెక్క వేసేసరికి సరదా సగం తగ్గిపోతుంది.

అందుకే మా ఇంట్లో సముద్రమంటే శామీర్‌పేట చెరువే. సికింద్రాబాదు నుంచి కరీంనగర్ రోడ్డులో సుమారు 25 కిలోమీటర్లు. నిజాంల కాలం నాటి చెరువు. నిండుగా ఉన్నప్పుడు కట్ట మీద నిలబడితే కనుచూపు మేరా నీళ్లే. గాలి వీచినప్పుడు రాళ్లను తాకే చిన్న అలలు చూసి పిల్లలు కేరింతలు కొడతారు. చలికాలమైతే వలస పక్షులు కూడా కనిపిస్తాయి.

అయితే సముద్రం వేరు, చెరువు వేరు. ఈ సంగతి నాకు ఓ ఆదివారం బాగా తెలిసొచ్చింది. నేను టిఫిన్ డబ్బాలు విప్పుతుంటే మా పాప చెప్పులు విడిచి నీళ్ల అంచుకు దిగింది. బట్టలు ఉతుక్కుంటున్న ఓ పెద్దమ్మ గబగబా వచ్చి చెయ్యి పట్టుకుని పైకి లాగింది. "గాడ లోతుంటది బిడ్డా, దిగొద్దు!" అంది. నా గుండె జారిపోయింది.

చెరువులో నీళ్ల కింద ఏముందో పైకి కనిపించదు. మట్టి తీసిన గుంతలుంటాయి, కాలు దిగబడే పూడిక ఉంటుంది. పాకుడు పట్టిన రాళ్లు సరేసరి. ఒక్క అడుగు తేడాలో మోకాలి లోతు కాస్తా నిలువు లోతవుతుంది. ఈత వచ్చినవాళ్లకైనా ప్రమాదమే.

కాస్త కుదుటపడ్డాక పెద్దమ్మ ఇంకో మాట చెప్పింది. "బతుకమ్మ నాడు చెప్పులు లేకుండ నీళ్లల్ల దిగుతం. మీరు పారేసిన సీసా పెంకులు మా కాళ్లకు గుచ్చుకుంటయ్."

సిగ్గనిపించింది. మనకది పిక్నిక్ స్పాట్. ఊరివాళ్లకు మాత్రం చేపలు పట్టుకునే చోటు, పండగ చేసుకునే చోటు. వానలు బాగా పడి మత్తడి దుంకితే ఊరంతా సంబరపడేది ఆ చెరువును చూసుకునే.

ఈసారి వెళ్తే...

* జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి సిద్దిపేట, కరీంనగర్ వైపు బస్సులు ఈ రోడ్డు మీదుగానే వెళ్తాయి. ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం 2023 డిసెంబరులో మొదలైంది కదా, ఆధార్ కార్డు మరవకండి.
* దగ్గర్లోనే జవహర్ జింకల పార్కు ఉంది. పిల్లల ఆటపాటలు అక్కడ పెట్టుకోండి. చెరువును గట్టు మీద నుంచే చూపించండి.
* ఎవరైనా నీళ్లలో జారితే వెంటనే దూకకండి. చీరో, చున్నీయో, పొడవాటి కర్రో అందిస్తూ ఊరివాళ్లను కేకేయండి.
* పులిహోర డబ్బాతోపాటు ఖాళీ సంచి ఒకటి పెట్టుకోండి. చెత్త అందులో వేసి ఇంటికి తెచ్చేయండి.

మనం ఒక్కపూట ఉండి వచ్చేస్తాం. పెద్దమ్మ మాత్రం మర్నాడు కూడా అక్కడే బట్టలు ఉతుక్కోవాలి మరి!