సంతానలేమి – పురుషుని వంతు

సంతానం లేదని నా వద్దకు వచ్చే దంపతులలో నేటికీ ముందు వచ్చి కూర్చునేది కోడలు, మాట్లాడేది అత్తగారు. భర్త వెలుపల నిలబడి ఉంటాడు. పరీక్షలన్నీ ఆ అమ్మాయికే అయి ఉంటాయి. నిజానికి ఇటువంటి దంపతులలో సుమారు సగం మంది విషయంలో పురుషుని లోపం కూడా ఉంటుంది.

2008లో శ్రీసిటీ ఆరంభమైన తరువాత సత్యవేడు, వరదయ్యపాళెం, తడ ప్రాంతాల యువకులు ఎందరో షిఫ్టు ఉద్యోగాలలో కుదురుకొన్నారు. కర్మాగారమే బీజాన్ని చెరుస్తుందని నేననను. రాత్రి మేల్కొని, ఆకలిని టీతో, సిగరెట్టుతో చంపుకొని, పగలు అరకొరగా నిద్రించే అలవాటే నన్ను కలవరపెడుతున్నది.

మనం పీల్చే ప్రాణవాయువు నుండి శరీరంలో ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడతాయి. స్వల్పంగా ఉంటే బీజకణానికి ఇవి అవసరమే. అండాన్ని ఫలదీకరించే శక్తి దానికి వీటి సాయంతోనే కలుగుతుంది. మితిమీరితే ముప్పు. బీజకణపు పైపొరలో సున్నితమైన కొవ్వులు అధికం. గాలి తగిలిన నూనె పాతబడి చెడువాసన కొట్టినట్లే ఆ కొవ్వులు చెడిపోతాయి. ఈదులాడే తోకకు బలం తగ్గుతుంది, తలలోని జన్యుసూత్రం తెగుతుంది. అట్టి బీజంతో గర్భం నిలిచినా స్రావమయ్యే ప్రమాదం హెచ్చు. ఇతర కణాలకున్నంత ఆత్మరక్షణ సామగ్రి ఈ చిన్న కణంలో లేదు. వీర్యద్రవమే దానికి ప్రధాన రక్షణ.

పొగాకు, స్థూలకాయం, మధుమేహం, అంటురోగాలు, వృషణాలకు తగిలే వేడి ఈ దోషాన్ని పెంచుతాయి. క్షారం అతిగా సేవిస్తే పుంస్త్వానికి హాని అని చరకుడు విమానస్థానంలో హెచ్చరించాడు. ఆ మాటా, ఈ శాస్త్రమూ ఒకటేనని వాదించను. ఆహారవిహారాలు శుక్రధాతువును తాకుతాయన్న ఎరుక మాత్రం మనకు ప్రాచీనమైనదే.

బీజం తయారై బయటపడేందుకు సుమారు మూడు నెలలు పడుతుంది. కనుక పదిహేను రోజులలో గుణమిచ్చే లేహ్యం ఏదీ లేదు. పొగాకు మానండి. రాత్రి షిఫ్టు ముగిశాక చీకటిగదిలో నిండుగా నిద్రించండి. ల్యాప్‌టాప్‌ను ఒడిలో పెట్టుకోకండి. ఉసిరి, జామ, ఆకుకూరలు, నువ్వులు, వేరుశనగలు మన ఇళ్ళలో ఉన్నవే. ఖరీదైన యాంటీ ఆక్సిడెంట్ మాత్రలపై అమెరికాలో జరిగి 2020లో వెలువడిన ఒక పరీక్షలో వీర్యంలోగాని, గర్భధారణలోగాని చెప్పుకోదగిన మేలు కనిపించలేదు. అశ్వగంధను నేను ఇస్తాను; థైరాయిడ్, కాలేయ వ్యాధులున్నవారు మాత్రం వైద్యుని అడగకుండా వాడరాదు. కండల కోసం వేయించుకొనే టెస్టోస్టిరాన్ సూదిమందు బీజోత్పత్తినే ఆపివేస్తుంది!

వృషణంపైన, ముఖ్యంగా ఎడమవైపు, వానపాముల మూటవలె నరాలు ఉబ్బి తగిలితే నా వద్ద మందు లేదు, శస్త్రవైద్యుని చూడవలెను.

వీర్యపరీక్షకు ముందు రెండు నుండి ఏడు రోజులు బ్రహ్మచర్యం పాటించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన కనీసపు లెక్క మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కణాలు. తగ్గితే అధైర్యపడక, కొన్ని వారాల తరువాత మరల చేయించండి. అమ్మాయిని మరో స్కానింగుకు పంపేముందే ఈ పరీక్ష కావాలి.