నాయకుని వాకిట

గ్రామమునకు నాయకుడు వచ్చినప్పుడు మనము ఆయనను చూచుట యొక విధము. మన పనిమీద మనమే ఆయన వాకిటికి పోయి చూచుట మఱియొక విధము. మొదటిదానిలో దండ మన చేత నుండును, మాట ఆయన చేత నుండును. రెండవదానిలో మన చేతిలో అర్జీకాగితము తప్ప మఱేమియు నుండదు. నాయకుని శీలము తెలిసికొనగోరువారికి ఈ రెండవ చూపే యెక్కువ యుపకరించునని నా యభిప్రాయము. హైదరాబాదునందలి అమీరుపేట, పంజాగుట్ట ప్రాంతమును ఆధారముగా గొని ఈ విషయమును గుఱించి నేడు కొన్ని మాటలు చెప్పెదను.

మీలో పలువు రా ప్రాంతము నెఱుగుదురు. పిల్లలను శిక్షణకు దింపుటకై అమీరుపేటకో, రోగిని చూపించుటకై పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థకో వచ్చియుందురు. ఆ సంస్థనే మనవారు నిమ్సు ఆసుపత్రి యందురు. అమీరుపేట ప్రక్కనున్న పేటకు, ముఖ్యమంత్రిగాను రాష్ట్రపతిగాను పనిచేసిన నీలం సంజీవరెడ్డిగారి పేరు పెట్టిరి. పంజాగుట్ట కూడలిలో వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి విగ్రహమున్నది. ఆసుపత్రికి నడచిపోదగినంత దూరములోనే, బేగంపేటకు పోవు దారిలో, ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయ ముండెడిది. రోగి యొకచోట, చికిత్సకు ధనమిచ్చు సంతకము మఱియొకచోట. ఆ కొద్దిపాటి దూరమును చేతిలో సంచితో, సంచిలో ఎక్సురే పటములతో నడచిన పల్లెవా రెందఱో గలరు.

పూర్వము ఈ నగరమున ప్రభుదర్శనమునకు నజరు చెల్లింపవలసియుండెను. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కొలువునకు పోయినవారు బంగారు అష్రఫీని, వెండి రూకలను చేతులలో నుంచుకొని సమర్పించెడివారు. 1948 తరువాత ఆ యధికారము ముగిసెను. ప్రజలచే నెన్నుకొనబడినవాడు నజరు పుచ్చుకొనరాదు. అర్జీదారునకు చెవి నిచ్చుట ఆయన విధి. ఐనను వాకిట నిలిచినవాని గుండెదడ మాత్రము పూర్తిగా తగ్గలేదు. నేటికిని అతడు చేతులు కట్టుకొనియే నిలుచును. ఎదుటివాడట్లు నిలిచినప్పుడు అధికారము గలవాడేమి చేయునో, అదియే చూడదగినది.

అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకను అంతర్యుద్ధము జరుగుచున్న కాలమునందు సైతము, వారమునకు కొన్ని దినములు తలుపులు తెఱపించి సామాన్యజనులను చూచెడివాడు. ఉద్యోగము వేడువారును, సైన్యములోని కొడుకును క్షమింపుమని యడుగు తల్లులును వచ్చుచుండిరి. ఆ కలయికలకు ఆయన ప్రజాభిప్రాయ స్నానములని పేరు పెట్టెను. వచ్చినవారు చెప్పుకొనునవి చాలవఱకు చిన్న సంగతులే యైనను, వాని వలన తన మనస్సు చుఱుకెక్కునని ఆయన యభిప్రాయము. అనగా అర్జీదారు ఆయన వలన మేలు పొందుట యొకటే గాదు. ఆయనయు అర్జీదారు వలన నేర్చుకొనుచుండెను. ఈ రెండవ సంగతిని మనము తఱచుగా మఱచెదము.

మన పంజాగుట్టకు వత్తము. రాజశేఖరరెడ్డిగారు వైద్యవిద్య నభ్యసించినవారు. పులివెందులలో జనులాయనను రూపాయి డాక్టరనిరి. 2003లో చేవెళ్ల నుండి ఇచ్ఛాపురము వఱకు కాలినడకను పోయి, 2004 మే 14న ముఖ్యమంత్రియైన పిదప, క్యాంపు కార్యాలయమున ఉదయపు వేళ జనులను కలియుచుండిరి. అర్జీలలో రోగములకు సంబంధించినవి మిక్కుటముగా నుండెను. ఆ మే నుండి 2007 జూను వఱకు ముఖ్యమంత్రి సహాయనిధి నుండి 55 వేలకు పైగా చికిత్సలకు 168 కోట్ల రూపాయలకు పైగా ఇచ్చినట్లు ప్రభుత్వపు లెక్క. ఒక్కొక్క సంతకమునకై ఒక్కొక్కరు రాజధానికి రావలసినచో, రాలేనివారి గతి యేమి? ఆరోగ్యశ్రీ యీ ప్రశ్నకు సమాధానముగా వచ్చినదని చెప్పవచ్చును. అది 2007 ఏప్రిల్ 1న మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలై తరువాత రాష్ట్రమంతటికి వ్యాపించెను. వాకిట విన్న మొఱ వాకిటికి రానివానికి గూడ పనికివచ్చిన సందర్భమిది. 2009 సెప్టెంబరు 2న ఆయన మరణించినది కూడ చిత్తూరు జిల్లాలో రచ్చబండకు, అనగా జనులను కలియుటకే, పోవుచుండగా జరిగిన హెలికాప్టరు ప్రమాదముననే.

ఆయన పాలనపై ప్రతిపక్షము అవినీతి యారోపణలు చేసెను. అది వేఱు సంగతి. దానికి లెక్కపుస్తకములు, న్యాయస్థానములు కావలెను. చిఱునవ్వు చల్లనిదైనంత మాత్రమున లెక్క సరియైనదని గాని, లెక్కపై సందేహమున్నంత మాత్రమున చిఱునవ్వు అబద్ధమని గాని తీర్పు చెప్పరాదు. మనము ఈ పొరపాటు రెండు విధములను చేయుచుందుము.

ఇక నా స్వానుభవ మొకటి చెప్పెదను. చాల యేండ్ల క్రిందట నేను అమీరుపేటలో ఒక గది తీసికొని చదువుకొనుచుండగా, మా మేనమామకు తుంటియెముక విఱిగెను. శస్త్రచికిత్సకు సొమ్ము చాలలేదు. సహాయమునకై ఇద్దఱు నాయకుల నాశ్రయించితిమి. వారి పేర్లు చెప్పను. ఇరువురును మన జిల్లాల వారే. మామను చక్రముల కుర్చీలో తీసికొనిపోతిని.

మొదటివారు మమ్ము చూడగనే లేచి నిలిచిరి. ఊరి పేరడిగిరి, ఆ యేట వానలు పడినవా యని విచారించిరి. మామ భుజముపై చేయి వేసి, "పెద్దాయనా, భోజనమైనదా?" అని కాఫీ తెప్పించిరి. మామకు కన్నీరు వచ్చెను. అర్జీపై నేదో వ్రాసి ప్రక్కనున్నవాని చేతికిచ్చిరి. పిదప మూడు వారములు తిరిగితిని. ఆ కాగితమెక్కడ నున్నదో చెప్పగలవా డా యింట నొక్కడును లేడు.

రెండవవారు తలయైన నెత్తలేదు. "ఆసుపత్రి ఖర్చు అంచనా చీటి యేది?" అనిరి. లేదంటిమి. "అది లేనిదే నేను వ్రాసినను పని జరుగదు. రేపు పదిగంటల లోపల తెండి" అని తరువాతివారిని పిలిచిరి. బయటికి వచ్చిన పిదప మామకు పట్టరాని కోపము వచ్చెను. "ఒరే, గొడ్డునైనా ఇంతకంటె మంచిగా పలకరిస్తారురా!" అనెను. మఱునాడు చీటి తీసికొని నే నొక్కడనే పోతిని. ఆయన నన్ను చూచి, పేరడుగకయే, "తుంటియెముక గదా?" యనిరి. వచ్చినవారు ముందునాడు నూఱుమందికి తక్కువ లేరు. నాల్గవనాటికి ఉత్తరువు వచ్చెను.

ఆ "తుంటియెముక గదా" యన్న మాటను నే నిప్పటికిని మఱవలేదు. తలయెత్తనివా డంతయు వినుచునే యుండెను. ఐనను మామ కన్నీటిని తేలికగా తీసివేయను. కష్టములో నున్నవానిని మనిషిగా పలుకరించుట చిన్న విషయము గాదు. ఆ పలుకరింపు లేక రెండవవారును మమ్ము నొప్పించిరి. రెండు గుణములు ఒక్కరియందే యున్న నాయకులు ఉందురు. మాకు మాత్ర మా దినములలో దొరకలేదు.

ఇప్పటి కాలమున ఇంకొక చిక్కు వచ్చినది. కలయిక జరుగుచుండగనే అది లోకమునకంతకు కనబడును, వినబడును. 2019 మార్చిలో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు, భూమి పట్టా విషయమై ఫేస్‌బుక్‌లో మొఱపెట్టుకొనిన యొక యువకునితో స్వయముగా ఫోనులో మాటలాడిరి. ఆ సంభాషణ రాష్ట్రమంతట వినబడెను. అధికారులు వెంటనే కదలిరి. మంచిదే. కాని ఒక పట్టాకు ముఖ్యమంత్రియే ఫోను చేయవలసివచ్చెననగా, ఫోను రాని రైతులెందఱో యని కూడ తలంపవలెను గదా.

2016 నవంబరులో ఆ క్యాంపు కార్యాలయము చెంతనే ప్రగతిభవనము వెలసెను. దాని యెదుట రహదారిపై ఇనుపకంచె యుండెను. 2023 డిసెంబరు 7న, ఎ. రేవంత్‌రెడ్డిగారు ప్రమాణస్వీకారము చేసిననాడు, ఆ కంచెను తొలగించిరి. భవనమునకు జ్యోతిబా ఫూలే పేర ప్రజాభవనమని పేరు మార్చి, మఱునాడచట ప్రజాదర్బారు జరిపిరి. ముఖ్యమంత్రి స్వయముగా అర్జీలు తీసికొనిరి. పిదప ప్రజావాణి యను పేర మంగళ, శుక్రవారములు నియమించిరి. కంచె తీయుట కన్నులకు కనబడు పని. లోపలికి పోయిన కాగితము ఏ బల్లపై నాగినదో కనబడదు. మొదటినాటి వరుసను ఛాయాచిత్రము తీసినవా రెందఱో. కొన్ని నెలల తరువాత రసీదు పట్టుకొని మరల వచ్చు ముసలివానిని తీయువారెవరు? నాయకుని ఎఱుగవలెనన్న ఆ ముసలివాని నడుగవలెను. ఇది యే పక్షమువారికైనను వర్తించును.

గొప్పవారిని గుఱించి కథలును పుట్టుచుండును. 1960 నుండి 1962 వఱకు ముఖ్యమంత్రిగా నుండిన దామోదరం సంజీవయ్యగారి తల్లి నివసించిన గుడిసెను గుఱించి ఎన్నియో చెప్పుకొందురు. చూచినదెవరని యడిగిన, మఱియొకరి పేరు చెప్పుదురు. కాని దిక్కులేని వృద్ధులకు పింఛను ఆయన కాలమున మొదలైనదనుట కథ గాదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటునకు సైకిలుపై పోయెడివారు. ఒక్కనాడు పోయినచో దానిని వేషమనవచ్చును. చూచువారు లేని దారిలో దినదినము త్రొక్కినచో మఱేమందుము? తమ వాటాకు వచ్చిన ఆస్తిని కూడ ఆయన ఉద్యమమునకే యిచ్చివేసిరి.

మన ఊరినుండి ఎవరైన నాయకుని చూచి వచ్చినప్పుడు, రచ్చబండపై మనము "ఏమన్నారు?" అని మాత్రమే యడుగుదుము. రెండవమారు పోయినప్పుడు గుర్తుపట్టినారా, కానిపనిని కాదని మొదటనే చెప్పినారా, గుమ్మమునొద్ద బంట్రోతుతో ఎట్లు మాటలాడినారు అని యెవరును అడుగరు. చెప్పువాడును తనంతట చెప్పడు.

మా మామ తరువాత చాలకాలము జీవించెను. కఱ్ఱ యూతతో పొలమునకు గూడ పోవుచుండెను. ఆ మొదటివారిని తలచుకొనినప్పుడెల్ల "ఎంత మంచివాడురా!" యనెడివాడు. రెండవవారిని గుఱించి యడిగిన, "పని చేసినాడులే" యని ఊరకుండెడివాడు. కొన్నాళ్లకు ఎన్నికలు వచ్చెను. మొదటివారే మా ఊరికి వచ్చిరి. మామ కఱ్ఱ పట్టుకొని పోయి, అందఱికంటె ముందుగా ఆయన మెడలో దండ వేసెను. వోటెవరికి వేసెనో మాత్రము మాకు చెప్పలేదు.