వాల్వు హద్దు మీరితే?

రేడియోలో ఒక స్టేషను వింటూండగా మరెవరిదో గొంతు గరగరమంటూ చొరబడటం మీరు గమనించే ఉంటారు. ఆ రెండో స్టేషను తనకు కేటాయించిన చోటనే ఉన్నా ఇలా ఎందుకు జరుగుతుంది?

లైసెన్సు పొంది, సరదా కోసం ప్రసారాలు చేసేవారిని 'హామ్‌'లంటారు. తమ సంకేతాన్ని బలపరచటానికి వీరిలో కొందరు నేటికీ వాల్వు యాంప్లిఫయర్లనే వాడతారు. మూడు ఎలక్ట్రోడుల వాల్వును 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ తయారుచేశాడు. ఇందులో వేడెక్కిన కాథోడు నుంచి ఎలక్ట్రానులు ప్లేటువైపు పరుగెత్తుతాయి. నడుమనున్న గ్రిడ్డు కుళాయి మరవంటిది. దానికిచ్చే కొద్దిపాటి వోల్టేజి మార్పు పెద్ద ప్రవాహాన్ని అదుపు చేస్తుంది.

అయితే కుళాయిని పూర్తిగా కట్టేశాక ఇంకా కట్టలేము, పూర్తిగా తిప్పాక ఇంకా తిప్పలేము. వాల్వు కూడా అంతే. గ్రిడ్డుకు మితిమీరిన సంకేతం ఇస్తే తరంగపు శిఖరాలు తెగి, చదునవుతాయి. దీనినే విరూపణం అంటారు.

ఆకారం చెడితే ఏమవుతుంది? పదేపదే వచ్చే ఏ తరంగమైనా శుద్ధమైన తరంగాల మొత్తమేనని 1822లో ఫోరియర్ తన గ్రంథంలో వివరించాడు. అనగా శిఖరం తెగిన తరంగంలో అసలు పౌనఃపున్యంతోపాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్లున్నవి కూడా ఉంటాయి. వీటిని అనుస్వరాలంటారు. 14 మెగాహెర్ట్జ్ ప్రసారానికి నాలుగో అనుస్వరం 56 మెగాహెర్ట్జ్. అమెరికాలో టీవీ రెండో ఛానెల్ 54 నుంచి 60 మెగాహెర్ట్జ్ వరకు ఉండేది! అందుకే 1950లలో అక్కడ హామ్‌లకూ ఇరుగుపొరుగు వారికీ తగవులు వచ్చాయి. మంచి టీవీ సెట్టుకు సైతం అంతరాయం కలిగించే హామ్‌ను రాత్రి 8 నుంచి 10.30 వరకు ప్రసారం ఆపించే నిబంధన కూడా ఉండేది.

అనుస్వరాలు అసలు సంకేతానికి దూరంగా ఉంటాయి కనుక, తక్కువ పౌనఃపున్యాలను మాత్రమే పోనిచ్చే ఫిల్టరుతో వాటిని ఆపవచ్చు. కాని విరూపణం వల్ల మరో చిక్కు ఉంది. ఒక హామ్ మాట 14,200 నుంచి 14,203 కిలోహెర్ట్జ్ వరకు ఉన్నదనుకోండి. అందులోని 14,200.7, 14,201.9 అనే రెండు తరంగాలు వాల్వులో కలగలిసి 14,199.5, 14,203.1 అనే కొత్త తరంగాలను పుట్టిస్తాయి. మొదటిదాన్ని రెట్టించి రెండోదాన్ని తీసివేయండి, తరువాత రెండోదాన్ని రెట్టించి మొదటిదాన్ని తీసివేయండి. లెక్క సరిపోతుంది. ఈ రెండూ హద్దు దాటి పక్కవారి చోటులో పడ్డాయి. ఇవి అసలు సంకేతానికి ఆనుకొనే ఉంటాయి కనుక ఆ ఫిల్టరు వీటిని ఆపలేదు. వాల్వుకిచ్చే సంకేతాన్ని తగ్గించటమే దీనికి ఉపాయం.

ఇప్పుడు ఒక ప్రశ్న. అమెరికాలో మూడో టీవీ ఛానెల్ 60 నుంచి 66 మెగాహెర్ట్జ్ వరకు ఉండేది. 21 మెగాహెర్ట్జ్ ప్రసారపు ఎన్నో అనుస్వరం అందులో పడుతుందో చెప్పగలరా?